పక్కపక్కనే ఉంటే చుట్టాలేనా? నక్షత్ర గుచ్ఛాల బంధుత్వం ఎలా తేలుస్తారు?

డిసెంబరు చివర్లో రాత్రి 10 గంటల ప్రాంతంలో సూరత్‌లో గానీ హైదరాబాద్‌లో గానీ తలెత్తి చూస్తే కృత్తికలు దాదాపు నడినెత్తిన కనిపిస్తాయి. వాటికి కాస్త తూర్పున ఎర్రటి రోహిణి, దాని చుట్టూ హయడీస్ గుచ్ఛం ఉంటాయి. కృత్తికలు, హయడీస్ రెండూ ‘ఓపెన్ క్లస్టర్లు’. అంటే ఒకే వాయుమేఘం నుంచి దాదాపు ఒకే కాలంలో పుట్టి, గురుత్వాకర్షణతో వదులుగా కలిసి ఉన్న నక్షత్రాల గుంపులు. రెండూ వృషభ రాశిలోనే ఉన్నా వాటి మధ్య చుట్టరికం లేదు.

దూరం

హయడీస్ మనకు సుమారు 150 కాంతి సంవత్సరాల దూరంలో, కృత్తికలు సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. హయడీస్ మధ్యలో ఉన్నట్టు కనిపించే రోహిణి 65 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. కాబట్టి అది ఆ గుచ్ఛంలోనిది కాదు.

చలనం

దగ్గరగా ఉన్నవి కలిసి ప్రయాణిస్తున్నాయా అన్నది రెండో ప్రశ్న. నక్షత్రం ఆకాశంలో పక్కకు ఎంత జరుగుతోందో ఏళ్ల తేడాతో తీసిన కొలతలు చెబుతాయి. మనవైపు వస్తోందా, దూరమవుతోందా అన్నది వర్ణపటం చెబుతుంది. ఈ పనిలో హైదరాబాద్‌కూ వాటా ఉంది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అంతర్జాతీయ ఆకాశ పటం ప్రాజెక్టు కోసం నిజామియా వేధశాల ఫొటో ప్లేట్లపై నక్షత్రాల స్థానాలను కొలిచింది. 2000లో వెలువడిన టైకో-2 కేటలాగ్‌లో చలనాలను లెక్కగట్టడానికి ఆ పాత కొలతలూ ఉపయోగపడ్డాయి. ఇప్పుడు గయా ఉపగ్రహం అంతకంటే ఎంతో కచ్చితమైన వివరాలు ఇచ్చింది.

వయసు, రసాయన కూర్పు

భారీ నీలి నక్షత్రాలు ముందుగా అంతరిస్తాయి. గుచ్ఛంలో ఏవి మిగిలాయో చూసి వయసు అంచనా వేస్తారు. కృత్తికల వయసు 10 కోట్ల ఏళ్లకు కాస్త ఎక్కువ. హయడీస్‌ది 60 కోట్ల ఏళ్ల పైమాటే. పుష్యమి దగ్గరి ప్రీసెపె గుచ్ఛం ఆకాశంలో హయడీస్‌కు చాలా ఎడంగా కనిపిస్తుంది. కానీ వయసు, చలనం, రసాయన కూర్పు దగ్గరదగ్గరగా ఉండటంతో రెండింటి పుట్టుకా ఒకటే కావచ్చన్న వాదన ఉంది.

తీర్పు

దూరం, చలనం, వయసు, కూర్పు నాలుగూ కలిస్తే కవలలని భావించవచ్చు. మొదటి రెండూ కలిసి వయసు కలవకపోతే, ఒకటి మరొకదాన్ని తర్వాత ఆకర్షించి ఉండొచ్చు. దూరం ఒక్కటే కలిస్తే అది దారిలో ఎదురుపడటమే. అన్నపూర్ణి సుబ్రమణియం, రామ్ సాగర్ తదితరులు 1995లో చేసిన అధ్యయనం మన గెలాక్సీలోని ఓపెన్ క్లస్టర్లలో సుమారు 8 శాతం నిజమైన జంటలు కావచ్చని అంచనా వేసింది.