మన తిండి చరిత్ర – 9: స్టేక్ అంటే మర్యాద, పెద్దకూర అంటే మైల



పెనుకొండ కోట గురించి రాసినవాళ్లు రాజుల యుద్ధాలు రాశారు, గుళ్లు రాశారు. తిండి గురించి రాసినవాళ్లు తక్కువ. 1535 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఫెర్నావో నూనిజ్ ఆ పని చేశాడు. అక్కడి రాజులు పొట్టేలు, పంది, జింక, పిట్టలే కాదు, ఎలుకలు, పిల్లులు, బల్లులు కూడా తింటారనీ, ఆవునూ ఎద్దునూ మాత్రం తినరనీ రాశాడు. పూజిస్తారు కాబట్టి వాటిని దేశంలో ఎక్కడా చంపరన్నాడు.

మరి చచ్చిన గొడ్డు ఎక్కడికి పోయింది? ఆ ప్రశ్న ఆయన వేయలేదు. 1565 యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు మారింది. రాజధాని ఏదైనా గుర్రానికి జీను కావాలి, దండుకు డప్పు కావాలి, రైతు బావికి కపిల బాన కావాలి. అన్నీ తోలే. గొడ్డును ఈడ్చుకెళ్లి, ఒలిచి, తోలు ఊనింది మాదిగలు. తోలు ఊళ్లోకి వెళ్లింది, మాంసం వాడలో మిగిలింది. తోలుకు అంటని మైల మనిషికి అంటింది.

అంబేడ్కర్ 1948లో అస్పృశ్యుల పుట్టుక మీద రాసిన పుస్తకంలో అంటరానితనానికి గొడ్డుమాంసంతో ఉన్న సంబంధాన్నే వాదించారు. అదే అంబేడ్కర్ 1927లో మహద్‌లో చచ్చిన గొడ్డు మాంసం మానేయమన్నారు. రెంటికీ వైరుధ్యం లేదు. ఊరు పారేసింది తినడం వేరు, మనకు ఇష్టమైనది కొనుక్కుని తినడం వేరు.

మన రాష్ట్రంలో 1977 చట్టం ఆవునూ దూడలనూ కోయకూడదంటుంది. పనికిరాని ఎద్దుకూ ఎనుముకూ సర్టిఫికెట్ అడుగుతుంది. హిందూపురం దాటితే కర్ణాటక. అక్కడ 2021 నుంచి పదమూడేళ్లు దాటిన ఎనుముకు తప్ప దేనికీ అనుమతి లేదు.

అదే కర్ణాటకలో, బెంగళూరులోని ఓ చెయిన్ రెస్టారెంట్‌లో ఈమధ్య స్టేక్ తిన్నాను. వేలెడు మందం కండ. పైన కాస్త మాడి, లోపల మెత్తగా, ఉప్పూ మిరియాలూ తప్ప వేరే మసాలా లేకుండా ఉంది. అలాంటి చోట అంత బాగుంటుందని ఎవరూ ఊహించరు. చుట్టూ కుటుంబాలు, పుట్టినరోజు కేకులు. ఎవరి ముఖంలోనూ ఏవగింపు లేదు. మా అవ్వ ఎండబెట్టి, సంగటిలోకి వండిన తునకలూ ఇలాంటి కండే. కానీ ధర్మవరంలో అద్దె ఇంటికి వెళ్తే ఇంటాయన కులం అడగలేదు. "ఏం తింటారు సార్?" అన్నాడు. నా జవాబు విన్నాక ఇల్లు ఖాళీ లేదన్నాడు.

ఇంకో సంగతి. బ్రెజిల్ ప్రపంచంలోకెల్లా పెద్ద గొడ్డుమాంసం ఎగుమతిదారుల్లో ఒకటి. అక్కడి మాంసం మందల్లో ఎక్కువ భాగం 'నెలోర్' జాతి. అంటే మన ఒంగోలు గిత్తల సంతతి. ఒంగోలు ఎద్దు బొమ్మ చూసి గర్వపడేవాళ్లు ఆ సంగతి ఎత్తరు.

2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెడితే దాడులు జరిగాయి. వాళ్లు వండింది కొత్త వంటకం కాదు. దాచుకుని తినేదాన్ని అందరిముందూ తిన్నారు, అంతే.

విద్యార్థులకు ఒక పని చెప్తాను. ఈ సెలవుల్లో మీ అవ్వల దగ్గర కూర్చోండి. తునకలు ఎట్లా కోసేవాళ్లు, ఎన్నాళ్లు ఎండబెట్టేవాళ్లు, ఏ కరువులో అవి ఇంటిని కాపాడాయి, అన్నీ రాసుకోండి. నూనిజ్ వదిలేసిన పేజీ అది. మనమే రాయాలి.

జై భీమ్.