దస్తావేజులో లేనివాళ్ళు

తన తరవాత తన కుటుంబం దిక్కులేనిది కాకూడదని మనిషి కోరుకోవడం సహజం. ఆ కోరికను ఎవరూ తప్పుపట్టనక్కరలేదు. వీలునామా, దత్తపత్రం, పంపకాల దస్తావేజు, ట్రస్టు డీడు ఆ కోరికకు వేరు వేరు రూపాలు. అయితే ఈ కాగితాలన్నీ ఆస్తి సంగతి ఎత్తుకునే ముందే ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకుంటాయి: కుటుంబమంటే ఎవరు? ఆ జవాబు కాలాన్నిబట్టి ఎట్లా మారింది, ఎవరి బలంతో మారింది అన్నది పరిశీలించడమే ఈ వ్యాసం వుద్దేశం.

సాహిత్య విద్యార్థికి దీనితో పనేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. మన కథల్లో, నవలల్లో ఎన్నో తగాదాలు పొలం గట్ల మీదా పంపకాల దగ్గరా పుట్టినవే. ఆ కాగితాల చరిత్ర తెలియకపోతే అన్నదమ్ముల వైరం స్వభావదోషంగానూ, ఆడబిడ్డ కన్నీరు తలరాతగానూ కనిపిస్తాయి. కుటుంబ రూపానికీ సొంత ఆస్తికీ వున్న ముడిని ఎంగెల్స్ 1884లోనే విప్పి చూపాడు. ఆ సూత్రాన్ని వల్లెవేయడం సులువు. మన నేల మీద మన దస్తావేజుల్లో దానిని చూడటం కొంచెం శ్రమతో కూడిన పని.

క్రోసూరులో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ చరిత్ర దూరపుది కాదు. మా వూరినుంచి పడమటికి పోతే గురజాల, మాచర్ల. తూర్పుకి పోతే కృష్ణ ఒడ్డున అమరావతి. రెండు దిక్కులా రెండు వారసత్వపు కథలున్నాయి.

మొదటిది అందరికీ తెలిసిందే. పల్నాటి వీరుల కథా సంప్రదాయం ప్రకారం అనుగురాజుకు పల్నాడు తన భార్య మైలమ తరఫున అరణంగా వచ్చింది. ఆయన తదనంతరం మైలమ కొడుకు నలగాముడికీ సవతి కొడుకు మలిదేవుడికీ మధ్య రాజ్యం గురజాల, మాచర్లలుగా చీలింది. ఆ చీలిక కోడిపందెం మీదుగా కారెంపూడి రణరంగం దాకా నడిచింది. మనం కోడిపందేన్ని గుర్తుపెట్టుకున్నాం. నాయకురాలి పంతాన్నీ బ్రహ్మనాయుడి చాపకూడునూ గుర్తుపెట్టుకున్నాం. ఇంత రక్తపాతానికీ మొదట్లో ఒక పంపకం వుందన్న సంగతి వెనక్కి పోయింది. నేల వచ్చింది ఒక ఆడమనిషి పుట్టింటినుంచి, పంచుకున్నవాళ్ళు కొడుకులు. అది అన్యాయమని ఆ కథలో ఎవరికీ తోచదు. తోచకపోవడమే ఆ కాలపు చట్టం.

రెండో కథకు కోర్టు రికార్డుంది. చింతపల్లి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1783 నుంచి 1816లో చనిపోయేదాకా ఈ సీమను ఏలాడు. 1788లో గుంటూరు సీమ కంపెనీ చేతికి వచ్చింది. నాయుడు చింతపల్లినుంచి కాపురం ఎత్తి అమరావతిలో కొత్త పట్నం కట్టించాడు. కట్టడాలకు కావలసిన రాయికోసం దీపాలదిన్నెను తవ్విస్తే బౌద్ధ స్తూపం బయటపడింది. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి దానిని చూశాడు. చెంచులను విందుకు పిలిచి నరికించాడనీ, ఆ చోటే నరుకుళ్ళపాడయిందనీ, ఆ పాపభీతితోనే గుళ్ళు కట్టించాడనీ మా ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ కథలో నిజమెంతయినా, ప్రజలు తమ ప్రభువును ఏ రూపంలో జ్ఞాపకం పెట్టుకున్నారో దానివల్ల తెలుస్తుంది.

ఇంత ఐశ్వర్యానికి కన్నకొడుకు లేడు. 1802 శాశ్వత పరిష్కారం తరవాత జమీందారీకి కొత్త విలువ వచ్చింది. పేష్కషు గడువుకు కట్టినంతకాలం ఎస్టేటు తరతరాలకూ దక్కుతుంది. తప్పితే వేలానికి పోతుంది. కనుక వారసుడు కావాలి. నాయుడు మొదట జగన్నాథబాబును దత్తత చేసుకున్నాడు. అతను బతికి వుండగానే రామనాథబాబును కూడా దత్తత చేసుకున్నాడు. ఒకటికి రెండు ఆధారాలుంటే వంశం నిలుస్తుందని అనుకున్నాడేమో! జరిగింది వేరు. ఆయన పోయిన వెంటనే ఎస్టేటు ఎవరిదన్న తగాదా మొదలయింది. అది మద్రాసు సదర్ అదాలతు దాటి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా ఎక్కింది. 1846లో అక్కడ వెలువడిన తీర్పు రంగమ్మ, అచ్చమ్మ అనే ఆ కుటుంబంలోని ఇద్దరు స్త్రీల పేర్లతో నేటికీ హిందూ ధర్మశాస్త్ర గ్రంథాల్లో వుంది. ఒక దత్తపుత్రుడు బతికి వుండగా రెండో దత్తత చెల్లదనీ, పిత్రార్జితంలో మొదటి కొడుకుకు ఏర్పడిన హక్కును తండ్రి ఆ విధంగా తగ్గించలేడనీ దాని సారాంశం. ఆ కుటుంబానికి ఆధారంగా తెచ్చిన దత్తతే దాని వ్యాజ్యానికి మూలమయింది.

ఈ తీర్పును న్యాయవాదులు దత్తత సూత్రం కోసం చదువుతారు. మనం తేదీల కోసం చదవాలి. జమీందారు చనిపోయింది 1816లో, తీర్పు వచ్చింది 1846లో. ఈ 30 ఏళ్ళ నడుమనే 1832-33లో గుంటూరు సీమను డొక్కల కరువు తుడిచిపెట్టింది. పై కోర్టుల్లో ప్రభువుల వారసత్వం తేలకుండా వుండగా, కింద ఆ ఎస్టేటు శిస్తు మోసిన జనం తిండిలేక రాలిపోయారు. రైతుకు బాకీ రద్దు కావాలంటే ఎవరిని అడగాలి? చెరువు పూడిక తీయించేదెవరు? హక్కుదారు ఎవరో తేలని ఎస్టేటులో బాధ్యత ఎవరిదీ కాదు, వసూలు మాత్రం అందరిదీ. 1845లో వాల్టర్ ఇలియట్ గుంటూరు సీమ దుస్థితిని విచారించడానికి వచ్చాడు. అమరావతి స్తూపం రాళ్ళను తవ్వించి మద్రాసుకు తరలించిందీ ఆయనే. తరవాత 1859లో అవి లండన్ చేరాయి. శతాబ్దం మధ్యకు గుంటూరు జమీందారీలు బకాయిల కింద ప్రభుత్వపరమయ్యాయి. వ్యాజ్యం లండన్‌కు పోయింది, రాళ్ళు లండన్‌కు పోయాయి, ఎస్టేటు కంపెనీకి పోయింది. కరువులో పోయినవాళ్ళ పేర్లు ఏ రికార్డులోనూ లేవు.

వాసిరెడ్డివారిది ఒంటరి వుదాహరణ కాదు. మనందరి బల్లల మీద వుండే సూర్యరాయాంధ్ర నిఘంటువును తీసుకోండి. దాని మొదటి సంపుటం 1936లో వెలువడింది. ఏ పిఠాపురం మహారాజా పేరు దానికి పెట్టారో ఆ సూర్యారావుగారికి ఎస్టేటు దక్కింది ఒక వీలునామావల్ల. తండ్రి గంగాధర రామారావు అంతకుముందే ఒకరిని దత్తత చేసుకున్నాడు. 1885లో సూర్యారావు పుట్టాక ఎస్టేటును వీలునామాతో ఆయనకు రాశాడు. దత్తపుత్రుడు దావా వేశాడు. అవిభాజ్యమైన జమీందారీని అనుభవిస్తున్నవాడు దానిని తన ఇష్టప్రకారం రాసి ఇవ్వవచ్చునని 1899లో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. ఇట్లా ఎవరికి పడితే వారికి రాసుకుంటూ పోతే, అప్పులపాలు చేసుకుంటూ పోతే పెద్ద ఎస్టేట్లు నిలవవని భయపడిన మద్రాసు ప్రభుత్వం 1904లో అవిభాజ్య ఎస్టేట్ల చట్టం తెచ్చి ఆ స్వేచ్ఛకు పగ్గాలు వేసింది. గమనించవలసింది ఇదే. వంశాన్ని కాపాడటానికి ప్రభుత్వం ప్రత్యేక చట్టం చేసింది, ఎందుకంటే శిస్తు వసూలుకూ రాజభక్తికీ ఆ వంశాలు అవసరం. ఆ అవసరం తీరాక, రైతు వుద్యమాలు ముదిరాక, 1948లో అదే మద్రాసు శాసనసభ ఎస్టేట్లను రద్దు చేసింది.

మన గురజాడను కూడా ఈ వెలుగులో చూడాలి. 1897లో విజయనగరం మహారాజా ఆనందగజపతి సంతానం లేకుండా చనిపోయాక, ఆయన సోదరి రీవా మహారాణికి గురజాడ ఆంతరంగిక కార్యదర్శి అయ్యాడు. సంస్థాన వారసత్వపు వ్యాజ్యం పనుల్లో ఏళ్ళ తరబడి మునిగాడు. 1909 నాటి పెద్ద కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధాన్ల వ్యాజ్యాల పిచ్చి అంత సజీవంగా వుండటానికి ఈ అనుభవం తోడ్పడిందని నా అభిప్రాయం. ఆయన కూతుళ్ళు బుచ్చమ్మ, సుబ్బిలలో ఒకతె వితంతువు, ఇంకొకతె అమ్మకానికి పెట్టిన సరుకు. పొలంకోసం కోర్టుకెక్కే ఆ తండ్రికి, ఆ ఇద్దరూ వారసులన్న ఊహే రాదు.

స్వాతంత్ర్యం తరవాత సమస్య పోలేదు, రూపం మార్చుకుంది. 1973 భూసంస్కరణల చట్టం 1975 జనవరి 1 నుంచి అమలయింది. అయిదుగురి కుటుంబానికి నేల తరగతినిబట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు పరిమితి. 1971 జనవరి 24 తరవాతి బదిలీలను విచారించాలన్నారు. ఫలితంగా ఎన్నడూ లేనంతగా కుటుంబాలు కాగితం మీద చీలాయి. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు వేరు కాపురాలయ్యారు. ఆ తేదీకి ముందే పంపకాలయినట్టు, దూరపు చుట్టాలకు నేల అమ్మినట్టు కాగితాలు పుట్టాయి. 1977లో చేర్చిన నిబంధన ప్రకారం భూమిలేని మేజరు కొడుకు ఒక్కొక్కరికీ అదనపు పరిమితి లెక్కకట్టారు. మేజరు కూతురికి ఆ లెక్క లేదు. నేలను దున్నేవాడికి పంచడంకోసం చేసిన చట్టం కూడా కుటుంబమంటే కొడుకులేనన్న పాత జవాబునే తిరగరాసింది!

ఆడవాళ్ళ హక్కు అంగుళం అంగుళంగా వచ్చింది. 1937 చట్టం వితంతువుకు బతికినంతకాలం అనుభవించే పరిమిత హక్కు ఇచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టం దానిని సంపూర్ణ హక్కు చేసింది. మనోవర్తి కింద వచ్చిన ఆస్తికి కూడా అది వర్తిస్తుందా అన్న సందేహాన్ని 1977లో మన రాష్ట్రంనుంచే వెళ్ళిన తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్చింది. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేట్టు అవివాహితలయిన కూతుళ్ళకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా పుట్టుక హక్కునిచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు, పెళ్ళయిన కూతుళ్ళతో సహా, 2005లో వచ్చింది. ఆ సవరణనాటికి తండ్రి బతికి వుండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

చట్టం ఇంత దూరం వచ్చింది. వూళ్ళు ఎంతదూరం వచ్చాయి? మా వైపు ఆడబిడ్డ చేత హక్కు విడుదల పత్రం రాయించుకోవడం పెళ్ళి శుభలేఖ వేయించినంత మామూలు పని. “పసుపు కుంకుమల కింద ఇచ్చేశాంగా” అంటారు. ఆమె సంతకం పెడుతుంది, ఎందుకంటే పెట్టకపోతే పుట్టింటి గడప ఆమెకు వుండదు. హక్కును చట్టం ఇచ్చింది. ఆ హక్కు అడిగే ధైర్యానికి కావలసిన ఆధారాన్ని ఇంకా ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు కొత్తగా కుటుంబ ట్రస్టుల మాట వింటున్నాం. 1882 ట్రస్టుల చట్టం ప్రకారం ఆస్తి ధర్మకర్త పేర వుంటుంది, ఫలం లబ్ధిదారులది. వికలాంగుడైన బిడ్డకో, ఆస్తి నిర్వహించుకోలేని తల్లికో అది మేలైన ఏర్పాటే. కాని ఆ డీడులో లబ్ధిదారుల పేర్ల దగ్గర కూతురు వుందా, కోడలు వుందా అన్న ప్రశ్న మాత్రం పాతదే.

ఇక అసలు కాగితమే లేనివాళ్ళున్నారు. 2015లో రాజధానికోసం మాకు తూర్పున 29 గ్రామాల్లో భూసమీకరణ జరిగినప్పుడు, పట్టా వున్నవాడికి ప్లాట్లూ, ఎకరాకు మెట్టయితే 30,000, జరీబయితే 50,000 రూపాయల వార్షిక కౌలూ నిర్ణయించారు. భూమిలేని కుటుంబానికి మొదట నెలకు 2,500 పింఛను అన్నారు. పల్నాడులో పత్తీ మిరపా పండించేవాళ్ళలో కౌలుదార్లు తక్కువమంది కారు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ఇచ్చే కార్డు 11 నెలలు చెల్లుతుంది, అదీ భూయజమాని ఒప్పందపత్రం మీద సంతకం పెడితేనే. ఆ సంతకం లేని కౌలురైతు పురుగుమందు తాగితే అతను రైతేనని రుజువు చేసుకోవలసిన భారం వితంతువు మీద పడుతుంది. ఆమె తన పిల్లల భవిష్యత్తుకు ఏ వీలునామా రాయాలి?

అమరావతి జమీందారు దగ్గరనుంచి ఈ కౌలురైతు భార్యదాకా నడుస్తున్నది ఒకే చరిత్ర. ఆస్తి తనకు కావలసిన కుటుంబాన్ని తాను నిర్వచించుకుంది; మిగిలినవాళ్ళను గట్టు అవతల నిలబెట్టింది. ఆ గట్టు జరిగిన ప్రతిసారీ జనం ఒత్తిడివల్లనే జరిగింది. అందుచేత వీలునామాలు వద్దనీ ట్రస్టులు వద్దనీ నేను చెప్పబోవడంలేదు. కాగితం రాసుకోగలిగినవాళ్ళు రాసుకోవలసిందే, కూతురి పేరు కొడుకు పేరు పక్కన రాయవలసిందే. కౌలుదారుకు యజమాని దయతో పనిలేని గుర్తింపు కోసం పోరాడవలసిందే.

రచయితల పని ఇంకొకటి వుంది. మన దగ్గర పంపకాల కథలు చాలా వున్నాయి; అవి ఎక్కువగా పంచుకున్నవాళ్ళ వైపునుంచి రాసినవి. హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టి బస్సెక్కిన ఆడబిడ్డ ఆ దారిలో ఏమనుకుందో, సాక్షి సంతకం చేసిన పాలేరు ఆ పొలంలో ఎన్నేళ్ళు దున్నాడో రాయవలసిన కథలు ఇంకా చాలా మిగిలి వున్నాయి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద ఒక పూట కూర్చునే ఓపిక వున్న యువరచయితలకు ఆ వస్తువు దొరుకుతుంది.