వ్యవహారానికి అయిదవ పాదం



ప్రాచ్య కళాశాలలో చదువుకొనే రోజుల్లో మా గురువుగారు కేతన విజ్ఞానేశ్వరీయాన్ని గురించి చెబుతూ ఒక మాటను విడమరచి వివరించారు. ధర్మశాస్త్రాలలో ‘వ్యవహారము’ అంటే న్యాయసభలో నడిచే తగవు. దానికి నాలుగు పాదాలు. వాది నివేదించుకొనేది ‘భాష’. ప్రతివాది ఇచ్చే సమాధానం ‘ఉత్తరము’. సాక్షులచేత, పత్రాలచేత నిరూపించటం ‘క్రియ’. చివరకు తేలేది ‘సాధ్యసిద్ధి’. అంతే. రచ్చబండ మీద కూర్చున్నవారి అభిప్రాయానికి శాస్త్రం పాదమివ్వలేదు.

ఆధునిక కాలంలో ఆ అయిదవ పాదం దానంతటదే మొలిచింది. దాని పేరు పత్రిక. కోర్టుకెక్కిన వారి తరఫున పత్రికలతో, టీవీలతో మాట్లాడటానికి నేడు ప్రత్యేకంగా మనుషులు ఉన్నారు. ఏ మాట ఎప్పుడు చెప్పాలో, ఏ ఫోటో ఇవ్వాలో వారే నిర్ణయిస్తారు. ఇది కొత్త విద్య అనుకొంటాం గాని, మన దేశంలో దీని బలమెంతో అరవై ఏళ్ళకు పూర్వమే ఒక కేసు చూపించింది.

1959 ఏప్రిల్ 27. బొంబాయి. నౌకాదళంలో కమాండర్ కె. ఎం. నానావతికి, ప్రేమ్ అహూజా అనే వ్యాపారితో తనకు సంబంధమున్నదని భార్య చెప్పింది. ఆయన భార్యాపిల్లలను మెట్రో సినిమా దగ్గర దింపి, తన నౌకకు వెళ్ళి, వేరే కారణం చెప్పి రివాల్వరును, ఆరు తూటాలను తీసుకొన్నాడు. అహూజాను ఆఫీసులో వెదకి, అక్కడ లేకపోతే ఇంటికి వెళ్ళాడు. మూడు గుండ్లు పేలాయి. తరువాత తానే వెళ్ళి పోలీసులకు లొంగిపోయాడు.

నానావతి కోర్టులో చెప్పుకొన్నది, పెనుగులాటలో రివాల్వరు పేలిందని. స్నానం చేసి తువ్వాలు చుట్టుకొని వచ్చిన మనిషితో పెనుగులాట జరిగితే ఆ తువ్వాలు ఒంటిమీద ఎలా నిలిచిందని ప్రాసిక్యూషన్ ప్రశ్న. ఇదంతా ‘క్రియాపాదం’. అయితే ఊరు వింటున్నది వేరే కథ.

ఆర్. కె. కరంజియా నడిపిన ‘బ్లిట్జ్’ వారపత్రిక నానావతి పక్షాన నిలిచింది. తెల్లని నౌకాదళ దుస్తులు, పతకాలు, దేశసేవ చేసిన అధికారి, మోసపోయిన భర్త: ఇదీ వారం వారం పాఠకుల కన్నుల ముందు నిలిపిన బొమ్మ. అవతల అహూజా, కాపురాలు కూల్చే విలాసపురుషుడు. నాలుగణాల పత్రిక రెండు రూపాయలకు అమ్ముడుపోయిందని చెబుతారు. వీథుల్లో ‘అహూజా తువ్వాళ్ళు’, ‘నానావతి రివాల్వర్లు’ అనే ఆటవస్తువులు అమ్మారట! ఒక మనిషి చావు తిరునాళ్ళ సరుకయింది.

1959 అక్టోబరులో తొమ్మండుగురు జూరీ సభ్యులలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు. పత్రికల హోరు జూరీ చెవిలో పడిందనే అభిప్రాయం నేటికీ బలంగా ఉన్నది. సెషన్సు జడ్జి ఆ తీర్పును అంగీకరించక హైకోర్టుకు నివేదించాడు. 1960 మార్చి 11న హైకోర్టు యావజ్జీవ శిక్ష విధించింది. ఆ రోజే గవర్నరు శ్రీప్రకాశ శిక్షను నిలిపివేశారు. తమ ముందు అప్పీలు నడుస్తూండగా ఆ ఉత్తర్వు చెల్లదని ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చింది.

1961 నవంబరు 24న సుప్రీంకోర్టు ఇచ్చిన తుది తీర్పును వ్రాసినవారు మన రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావుగారు. ఆంధ్ర హైకోర్టు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. ఆ తీర్పులోని లెక్క చాలా చిన్నది. నానావతి ఇల్లు వదలినది మధ్యాహ్నం ఒకటిన్నరకు. హత్య జరిగినది నాలుగూ ఇరవైకి. ఆవేశం చల్లారటానికి ఆ వ్యవధి చాలు. కనుక ఇది ఆకస్మిక ఉద్రేకం కాదు, హత్య. తెల్లని దుస్తులకు, పతకాలకు ఆ లెక్కలో చోటు లేదు.

అయినా అయిదవ పాదం అలసిపోలేదు. 1964లో గవర్నరు విజయలక్ష్మీ పండిట్ క్షమాభిక్ష ఇచ్చారు. అదే సమయంలో దిగుమతి లైసెన్సు కేసులో శిక్షపడిన సింధీ నాయకుడు భాయ్ ప్రతాప్‌కూ క్షమాభిక్ష లభించింది. పార్సీలకొకటి, సింధీలకొకటి అని తూచినట్లు జరిగిందని లోకం అనుకొన్నది. ఈ కేసుతోనే జూరీ పద్ధతి పోయిందనటం కొంత అతిశయోక్తి. అది మెల్లమెల్లగా తగ్గి, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో లేకుండా పోయింది.

నన్ను బాధించేది తీర్పు కాదు. బ్రతికి ఉన్నవానికి పత్రిక ఉన్నది, చనిపోయినవానికి లేదు. అహూజా మంచివాడని నేననను. కాని మంచివాడా కాడా అన్నది ఆ కోర్టు ముందున్న ప్రశ్నే కాదు గదా!

ఇది వ్రాయటానికి ఒక స్వవిషయం కారణం. చాలా ఏళ్ళ క్రిందట నా సహోపాధ్యాయుని మీద పరీక్షపత్రం బయటికిచ్చాడని కేసు పెట్టారు. ఒక పత్రిక జిల్లా పేజీలో ఫోటోతో సహా వేసింది. సస్పెన్షన్‌లో ఉన్నన్నాళ్ళూ ఆయన కూరగాయలకు పొరుగూరి సంతకు వెళ్ళేవాడు. ‘మాస్టారూ, మీకు భాష వచ్చు, ఒక ఖండన వ్రాసిపెట్టండి’ అని ఆయన భార్య నన్ను అడిగింది. నేను రెండు పేజీలు సమాసభూయిష్టంగా వ్రాశాను. ప్లీడరుగారు చదివి, రెండే వాక్యాలు మిగిల్చి తక్కినదంతా కొట్టివేశారు: ‘ఆరోపణ అబద్ధం. కోర్టులో సమాధానం చెబుతాం.’ నాకు కోపం వచ్చింది. ‘పండితులుగారూ, మీరు వ్రాసిన ప్రతి వాక్యం రేపు ఆయన్ని అడ్డుప్రశ్న వెయ్యటానికి పనికివస్తుంది’ అన్నారాయన. తన పేరు మాత్రం పత్రికలో రానివ్వలేదు. తాము నడిపే కేసుల గురించి పత్రికల్లో వ్యాఖ్యలు వేయించుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉన్నదని అప్పుడే తెలిసింది.

నాలుగేళ్ళకు కేసు కొట్టివేశారు. తీర్పు నకలు పట్టుకొని నేనే బస్సెక్కి ఆ పత్రిక కార్యాలయానికి వెళ్ళాను. మూడో రోజున లోపలి పేజీలో నాలుగు పంక్తులు వేశారు. ఫోటో లేదు.

ఆ నాలుగు పంక్తులను ఆయన కత్తిరించి బడి గుర్తింపుకార్డు వెనుక పెట్టుకొన్నాడు. పదవీ విరమణ దాకా అది అక్కడే ఉన్నది.

కోర్టుకెక్కినవారు పత్రికలతో మాట్లాడకూడదని నేననను. నోరులేనివారికి అదొక్కటే దిక్కయిన సందర్భాలు ఉన్నవి. కాని ఆరోపణకు ఇచ్చినంత చోటు నిర్దోషిత్వానికీ ఇచ్చేవరకు, ఆ అయిదవ పాదం కుంటిదే.