కంచ నుంచి కారిడార్ దాకా: హైదరాబాదు పడమటి అంచున జింక, చేను, హద్దు

వ్యాససంగ్రహం:
పంట మేసే జింకను నిలువరించడం సాగు ఎంత పాతదో అంత పాత సమస్య. హైదరాబాదు పడమటి అంచున, నేటి హైటెక్ సిటీ–గచ్చిబౌలి ప్రాంతంలో, ఈ సమస్య పరిణామాన్ని భూమి వర్గీకరణ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. జింకకూ చేనుకూ నడుమ ‘కంచ’ అనే బీడుభూమి నిర్వహించిన పాత్రను గుర్తించి, అది కనుమరుగైనప్పుడు నష్టభారం ఎవరిమీద పడుతున్నదో ఇందులో చర్చించాను.

కీలకపదాలు: కంచ, మృగవనం, షికార్‌గాహ్, చుక్కల దుప్పి, కృష్ణజింక, పంటనష్టం.

1. ఉపోద్ఘాతం

తెలుగు వాడుకలో ‘జింక’ ఒకే జంతువు కాదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు కృష్ణజింక. 2014లో తెలంగాణ రాష్ట్రజంతువుగా ప్రకటించిన జింక చుక్కల దుప్పి. మొదటిది ఏటా రాలని మెలికల కొమ్ములతో మైదానాల్లో బతికేది. రెండవది కొమ్ములు రాల్చి మళ్లీ పెంచుకునేది; చెట్టునీడ, నీటివసతి ఉన్నచోట మందలుగా ఉంటుంది. రైతుకు రెండూ జింకలే. కాని చేనుకు అవి చేసే నష్టం, వాటిని మళ్లించే పద్ధతి, వాటికి వర్తించే చట్టనిబంధన వేరు. ఈ భేదాన్ని విస్మరిస్తే చరిత్రలోనూ, విధానంలోనూ పొరపాటు జరుగుతుంది.

2. మృగవనం – వివీతం

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో ‘భూమిచ్ఛిద్రవిధానం’ అనే ప్రకరణం ఉంది. సాగుకు పనికిరాని నేలను ఎలా వినియోగించాలో అందులో చెప్పబడింది. అటువంటి నేలలో పశువులకు వివీతాలు, అంటే పచ్చికబయళ్లు, ఏర్పరచమనడం ఒక ఏర్పాటు. రాజు విహారానికి ఒకే ద్వారం గల మృగవనం మరొకటి. జింక ఉండే చోటు, పశువు మేసే చోటు, నాగలి దున్నే చోటు – ఈ మూడింటికీ హద్దులు గీయడం రాజ్యం పనిగా ఆనాడే గుర్తింపు పొందింది. హాలుని పేర వెలసిన ప్రాకృత సంకలనం గాథాసప్తశతిలో చేలకావలి ప్రణయ నేపథ్యంగా తరచు కనిపిస్తుంది. అక్కడ అది శృంగారానికి అవకాశం. రైతు ఇంటికి మాత్రం నిద్ర లేని శ్రమ.

3. షికార్‌గాహ్‌లు, కంచలు

అసఫ్‌జాహీల కాలంలో హైదరాబాదు చుట్టూ ఉన్న అత్రాఫ్‌బల్దా జిల్లా నిజాము సొంత ఆదాయానికి చెందిన సర్ఫెఖాస్ భూమి. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ (పాలన 1869–1911) వేటప్రియుడు. ఆయన వేటలను లాలా దీన్‌దయాళ్ ఛాయాచిత్రాల్లో నిక్షిప్తం చేశాడు. నగరానికి తూర్పున నేడు మహావీర్ హరిణ వనస్థలిగా పిలిచే కృష్ణజింకల నెలవు ఒకప్పటి నిజాముల వేటస్థలమే. వేటస్థలంలో జింక పాలకుని సొత్తు. అది హద్దు దాటి చేలో పడినా సొత్తు సొత్తే. నష్టం మాత్రం కౌలుదారుది.

ఈ వ్యవస్థలో రైతుకు ఉపశమనం ఇచ్చినది కంచ. తెలంగాణ రెవెన్యూ పరిభాషలో కంచ అంటే మేతకు విడిచిన నేల. ‘కంచ సర్కారీ’, ‘గైరాన్’, ‘ఖారిజ్ ఖాతా’ వంటి పదాలు నేటికీ పహాణీల్లో కనిపిస్తాయి. కంచ గచ్చిబౌలి అన్న పేరులోనూ ఈ పదమే నిలిచింది. కంచకూ కంచెకూ పలుకులో భేదం స్వల్పం. పనిలో పోలిక ఎక్కువ. కంచె చేనుకు గీత వంటి హద్దు, కంచ వెడల్పు గల హద్దు. అందులో గడ్డి ఉన్నంతకాలం జింక చేను దాకా రావలసిన అవసరం తగ్గుతుంది. పగలంతా పశువులు, కాపరులు, కుక్కలు తిరగడం వల్ల దానికి బెదురూ ఉంటుంది. వేసవికి గడ్డి ఎండి, చెరువుల కింద పైరు పచ్చగా ఉన్నప్పుడు ఈ ఏర్పాటు సడలుతుంది. అప్పుడే మంచె, వడిసెల, డప్పు, రేగుకంప, బెదురుబొమ్మ అవసరమయ్యేవి. దక్కన్‌లో జొన్నచేను చుట్టూ ముళ్లుండే కుసుమ సాళ్లు వేయడం కూడా ఇటువంటి రక్షణే.

4. చేను పోయి జింక మిగలడం

1949లో సర్ఫెఖాస్ ప్రభుత్వపరమైంది. అదే ఏడాది జాగీర్లు రద్దయ్యాయి. కంచలు ప్రభుత్వ భూములుగా మిగిలాయి. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయానికి గచ్చిబౌలిలో రెండువేల ఎకరాలకు పైగా భూమి లభించింది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాయి. తరువాతి రెండు దశాబ్దాల్లో కొండాపూర్, నానక్‌రామ్‌గూడ, మణికొండ, నల్లగండ్ల చేలు ప్లాట్లుగా మారాయి. సాగు పోవడంతో పంటనష్టమనే ఫిర్యాదు కూడా పోయింది. జింక పోలేదు, విశ్వవిద్యాలయపు గుట్టల్లో, పొదల్లో చుక్కల దుప్పి నిలిచింది.

విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలను 2003లో ప్రభుత్వం ఒక క్రీడాసంస్థకు కేటాయించి, 2006లో రద్దు చేసింది. దీర్ఘకాల వ్యాజ్యం 2024లో ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. 2025 మార్చి చివర అక్కడ యంత్రాలతో చెట్ల తొలగింపు మొదలైంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు స్వయంగా కలుగజేసుకొని పనులు నిలిపివేసింది. ఆ రోజుల్లోనే ఒక చుక్కల దుప్పి కుక్కల దాడిలో మరణించినట్లు పత్రికలు రాశాయి. పూర్వం జింక చేలోకి వస్తే వాడిన మాట ‘నష్టం’. నేడు అది కాలనీలోకి వస్తే వాడే మాట ‘చొరబాటు’. రెండు సందర్భాల్లోనూ నడిమి నేల కుదించుకుపోవడమే మూలకారణం.

5. భారం ఎవరిది?

నగరంలో జింక సానుభూతి పొందుతున్న సమయంలోనే నారాయణపేట జిల్లా కృష్ణ, మాగనూరు, మక్తల్ మండలాల రైతులు కృష్ణజింకల మందలతో నష్టపోతున్నారు. తొలకరికి మొలిచిన పత్తి, కంది మొలకలను మందలు మేస్తే రైతు మళ్లీ విత్తుకోవాలి. చేను చుట్టూ పాతచీరలు కట్టడం అతనికి అందుబాటులో ఉన్న కంచె. కర్నూలు ప్రాంతపు రోళ్లపాడు ఉదాహరణ ఇంకా బోధకం. బట్టమేక పిట్ట రక్షణకు 1988లో ఏర్పడిన ఆ అభయారణ్యంలో రక్షణ వల్ల కృష్ణజింకలు పెరిగాయి. అవి చుట్టుపక్కల పంటల మీద పడ్డాయి. రైతుల్లో అభయారణ్యం పట్లనే విముఖత పెరిగింది. ఒక ప్రాణిని కాపాడే ఏర్పాటు మరొక ప్రాణి కారణంగా జనామోదాన్ని కోల్పోయింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం ప్రథమ షెడ్యూలులోని కృష్ణజింకను పంటనష్టం కారణంగా చంపడానికి అనుమతి ఇవ్వడం కుదరదు. ఆ షెడ్యూలులో లేని చుక్కల దుప్పి విషయంలో పైరునష్టం ఒక కారణంగా పరిగణించడానికి వీలుంది. అనుమతి అధికారం ముఖ్య వన్యప్రాణి సంరక్షకునిది. నిజాము కాలంలో జింక పాలకునిది, నేడు అది ప్రజలందరిది. అయితే రెండు కాలాల్లోనూ దాని మేతకు మూల్యం చెల్లించేది చేను గల రైతు ఒక్కడే. అందరి ఆస్తిని పోషించే ఖర్చు అందరిమీదా పడాలన్నది న్యాయసూత్రం. ఆ దృష్టితో చూస్తే పరిహారం రైతుకు జాలితో ఇచ్చే సాయం కాదు, సమాజం చెల్లించవలసిన బాకీ.

6. ముగింపు

‘కంచే చేను మేస్తే కాపాడేదెవరు’ అన్న సామెతను పాలనావైఫల్యానికి అన్వయించడం అలవాటు. ఈ వ్యాసంలో పరిశీలించిన చరిత్రకు దానిని తిప్పి అన్వయించవచ్చు: ఇక్కడ కంచనే మేసేశారు. గచ్చిబౌలి, నారాయణపేట వేర్వేరు సమస్యలుగా కనిపించినా రెండింటిలోనూ లోపించినది అడవికీ పొలానికీ, గుట్టకూ కాలనీకీ మధ్య ఉండవలసిన మేతభూమి. రెవెన్యూ లెక్కల్లో ‘ఖాళీ’గా నమోదయ్యే ఈ భూమి నిజానికి రైతునూ జింకనూ ఏకకాలంలో కాపాడే భూమి. పాత పహాణీల్లోని కంచ సర్కారీ, గైరాన్ నేలలను గ్రామాలవారీగా గుర్తించి, వన్యప్రాణుల నేటి సంచారంతో సరిపోల్చడం ఈ దిశలో చేయదగిన పరిశోధన. కంచల పేర్లు, మంచె, వడిసెల, కావలి సంబంధమైన పదజాలం వృద్ధ రైతుల నోట ఇంకా నిలిచి ఉన్న కాలంలోనే దాన్ని సేకరించడం తెలుగు శాఖల బాధ్యత.