దారం లావు కాదు, బరువు

మూడేళ్ళ క్రితం ఒక గరాజ్ సేల్‌లో పాత వెదురు ఫిషింగ్ రాడ్ కొన్నాను. ఎనిమిదడుగుల పొడవు, మూడు ముక్కలు. పిడికి కాస్త పైన వెలిసిపోయిన సిరాతో మూడక్షరాలు రాసున్నాయి: ఎచ్, డీ, ఎచ్. ఏదో మోడల్ నంబర్ అనుకున్నా. రీడ్‌మీ చదవకుండానే ఇన్‌స్టాల్ కొట్టే జాతి కదా మనది :) చేతికి దొరికిన ఏడో నంబర్ ఫ్లై లైన్ ఎక్కించి నాలుగు శనివారాలు ఊపాను. ఐదో శనివారానికి కొస ముక్క ఒక పక్కకి వంగిపోయింది, మళ్ళీ నిటారుగా రాలేదు. ఆ మూడక్షరాలే దాని మాన్యువల్ అని తర్వాత తెలిసింది. అవేంటో తెలుసుకోబోతే నూటయాభై ఏళ్ళ చరిత్ర బయటపడింది. అందులో మన వెదురు కూడా ఉంది.

ముందు మన ఊరి సంగతి. గంగారం అంటే ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఒక మండలం. 2016లో జిల్లాల్ని విడగొట్టినప్పుడు ఏర్పడింది, అంతకు ముందు కొత్తగూడ మండలంలో భాగం. చుట్టూ అడవి, కోయ గూడేలు. కాకతీయ గణపతిదేవుడి కాలంలో కట్టిన పాకాల చెరువు కూడా ఎంతో దూరం కాదు. చిన్నప్పుడు సెలవులకి అటువైపు వెళ్తే మా మామ గాలానికి తీసుకుపోయేవాడు. వెదురు కర్ర, కొసకి కట్టిన దారం, ఒక బెండు, కొక్కెం, ఎర. అంతే. నేను ప్రతిసారీ లావు దారం కావాలని పేచీ పెట్టేవాణ్ణి, పెద్ద కొరమీను పడితే తెగకూడదని. మామ ఒకటే అనేవాడు: "కర్రను జూసి దారం గట్టాలె అల్లుడా. దారం జూసి కర్రను గోస పెట్టొద్దు."

అయితే మన గాలానికీ, ఈ ఫ్లై రాడ్‌కీ ఒక పెద్ద తేడా ఉంది. అది తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు.

వడిసెల చూశారు కదా? అందులో బరువంతా రాయిది, తాడు ఊరికే దాన్ని పట్టుకుని ఉంటుంది. మన గాలం కూడా అంతే, నీళ్ళలోకి వెళ్ళే బరువు కొక్కేనిదీ ఎరదీ. ఇప్పుడు చర్నాకోల గుర్తు తెచ్చుకోండి. దాని కొసన ఏ బరువూ ఉండదు. తాడు సొంత బరువే అలలాగా ముందుకు పరిగెత్తి కొసని విసురుతుంది. ఫ్లై ఫిషింగ్ చర్నాకోల పద్ధతి. పురుగులా కనపడేట్టు ఈకలతో కట్టిన కొక్కేనికి బరువే ఉండదు, కాబట్టి విసరడానికి కావలసిన బరువు లైన్‌లోనే ఉండాలి. ఆ బరువుకి కర్ర స్ప్రింగ్‌లా వంగి, తిరిగి లేస్తూ లైన్‌ని ముందుకు తోస్తుంది. లైన్ తేలికైతే కర్ర వంగదు. మరీ బరువైతే వంగి లేవలేదు. నా రాడ్‌కి జరిగింది ఈ రెండోదే.

ఇక వెదురు. ఇంగ్లండులో, అమెరికాలో ముందు రకరకాల చెట్ల కర్రతో రాడ్లు చేసేవారు. 1840ల్లో పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో శామ్యూల్ ఫిలిప్ అనే తుపాకుల పనివాడు వెదురుని చీల్చి, బద్దలు అతికించి రాడ్లు చేశాడు. 1870ల్లో మెయిన్ రాష్ట్రంలో హైరమ్ లెనర్డ్ ఆరు బద్దల రాడ్‌కి పేరు తెచ్చాడు. వెదురులో బలమైన నార అంతా పై పెచ్చుకి దగ్గర్లో ఉంటుంది. అందుకే బద్దల్ని ముక్కోణంగా కోసి, పెచ్చు బయటికి వచ్చేట్టు ఆరింటిని కలిపి అతికిస్తారు.

ఆ రాడ్లకి వాడిన వెదురు పేరు కలకత్తా కేన్. కలకత్తా రేవులో ఓడ ఎక్కింది కాబట్టి ఆ పేరు. శాస్త్రీయంగా దాన్ని డెండ్రోకలామస్ స్ట్రిక్టస్ అంటారు. లోపల బోలు తక్కువ, దాదాపు గట్టి వెదురు. పోలీసు లాఠీలు చేసేది దానితోనే. గోదావరికి ఇటూ అటూ మన అడవుల్లో విరివిగా పెరిగేది ఈ జాతే. మామ చేతిలో గాలం కర్ర, లెనర్డ్ నాటి రాడ్ ఒకే జాతి వెదురన్నమాట! ఒకటి అడవి నుంచి నేరుగా చెరువుకి పోయింది, రెండోది సముద్రాలు దాటి పెద్దమనుషుల చేతికెక్కింది. కొట్టినవాళ్ళ పేరూ, పెరిగిన అడవి పేరూ పోయి రేవు పేరు మిగిలింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాని స్థానంలోకి చైనా వెదురు వచ్చింది. గణుపులు దూరంగా, నార దట్టంగా, బద్దలు నేరుగా ఉంటాయి. దాన్ని టోంకిన్ కేన్ అన్నారు. టోంకిన్ ఉన్నది వియత్నాంలో, వెదురు పెరిగేది చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో! కాంటన్‌లోని లింగ్‌నాన్ యూనివర్సిటీలో పనిచేసిన ఫ్లాయిడ్ మెక్‌క్లూర్ 1931లో దానికి శాస్త్రీయ నామం పెట్టేదాకా ఈ గందరగోళం నడిచింది. పేర్లు పెట్టడం కష్టమని మనం ఊరికే అనం.

ఇప్పుడు అసలు సంగతి, లైన్. 1653లో ఐజాక్ వాల్టన్ తన చేపల పుస్తకం రాసేనాటికి లైన్ అంటే పేనిన గుర్రపు వెంట్రుకలు. మన గాలంలాగే కర్ర కొసకి కట్టేవారు. కొసకి పోయేకొద్దీ వెంట్రుకల సంఖ్య తగ్గించి సన్నం చేసేవారు. పందొమ్మిదో శతాబ్దంలో పట్టు వచ్చింది. పట్టుదారాన్ని అల్లి, అవిసె నూనె పట్టించి ఆరబెట్టేవారు. తేలడానికి దానికి కొవ్వు రాయాలి. వాడిన ప్రతిసారీ విప్పి ఆరబెట్టాలి, లేకపోతే కుళ్ళిపోతుంది.

పట్టు లైన్లని లావు బట్టి అక్షరాలతో పిలిచేవారు. ఏ అంటే 0.060 అంగుళం. ఒక్కో అక్షరానికీ 0.005 తగ్గుతూ ఐ దగ్గర 0.020. నా రాడ్ మీది ఎచ్‌డీఎచ్ అంటే రెండు కొసలూ 0.025, నడుమ 0.045 అంగుళం. మామూలు లెక్కలో ఒక మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ.

ఇక్కడో ప్రశ్న. కర్రకి కావలసింది బరువు. మరి లావు ఎందుకు కొలిచారు? ఎందుకంటే లావు కొలవడం తేలిక. పైగా అందరూ పట్టే వాడుతున్నంత కాలం లావు తెలిస్తే బరువు తెలిసినట్టే. ఎక్కడా రాయని అసంప్షన్ అది. కోడ్‌లో ఇలాంటివి ఎన్ని చూడలేదు మనం?

1935లో డ్యూపాంట్‌లో వాలెస్ కారొథర్స్ బృందం నైలాన్ కనిపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లైన్లు నైలాన్‌తో రావడం మొదలైంది. పట్టు సాంద్రత సుమారు 1.3, నైలాన్‌ది 1.14. అంటే అదే డీ లావు, కానీ బరువు తక్కువ. పట్టుకి చేసిన వెదురు కర్రకి నైలాన్ ఎచ్‌డీఎచ్ ఎక్కిస్తే అది వంగదు. 1950ల్లో నైలాన్ మీద ప్లాస్టిక్ పూత వేసిన తేలే లైన్లు వచ్చాయి, లెక్క ఇంకా తప్పింది. ఇంటర్‌ఫేస్ అదే, లోపల ఇంప్లిమెంటేషన్ మారింది, క్లయింట్ క్రాష్!

చివరికి 1961లో అమెరికన్ టాకిల్ తయారీదార్ల సంఘం కొత్త ప్రమాణం తెచ్చింది. లావు సంగతి వదిలేసి లైన్ మొదటి 30 అడుగుల బరువు తూచమంది. కొలత గ్రెయిన్లలో. మన గురిగింజ ఎత్తులాగా ధాన్యపు గింజ నుంచి పుట్టిన కొలత అది, ఒక గ్రెయిన్ 64.8 మిల్లీగ్రాములు. 120 గ్రెయిన్లైతే నాలుగో నంబరు, 140 అయితే ఐదు, 160 అయితే ఆరు, 185 అయితే ఏడు. ఏ పదార్థంతో చేసినా ఐదంటే ఐదే, దాదాపు 9 గ్రాములు.

మంచి ప్రమాణమే. కానీ వచ్చిన కాలం చూడండి. 1950 డిసెంబరులో అమెరికా చైనాతో వ్యాపారం ఆపేసింది, 1971 దాకా టోంకిన్ వెదురు రాలేదు. ఆ లోపల మార్కెట్ ఫైబర్ గ్లాస్‌ది అయిపోయింది. కొత్త నంబర్లు కొత్త రాడ్ల మీద అచ్చయ్యాయి. పాత వెదురు రాడ్లు పాత అక్షరాలతో మిగిలిపోయాయి. ఎచ్‌డీఎచ్ అంటే ఇప్పటి లెక్కలో సుమారు ఐదో ఆరో, ఎచ్‌ఈఎచ్ అంటే నాలుగో ఐదో. "సుమారు" అనక తప్పదు, ఎందుకంటే ఏ రెండు వెదుళ్ళూ ఒకటి కావు.

మరి వెదురు రాడ్‌కి లైన్ ఎలా ఎంచుకోవాలి? దెబ్బ తిన్నాక నేర్చుకున్నవి చెప్తాను. ఒకటి, అక్షరాలుంటే చదవండి, అక్కణ్ణించి తక్కువ నంబరుతో మొదలెట్టండి. రెండు, మీరు ఎంత దూరం విసురుతారో చూసుకోండి. నంబరు 30 అడుగులకి లెక్క, ఇంకో నాలుగైదు అడుగులు బయటికి వస్తే దాదాపు ఒక నంబరు పెరిగినట్టే. చిన్న వాగులో 20 అడుగులే విసిరేవాడికి ఒక నంబరు ఎక్కువైనా పర్లేదు, పెద్ద చెరువులో 50 అడుగులు విసిరితే అదే కర్ర నలిగిపోతుంది. మూడు, లైన్ మీద రాసిన నంబరు మీద అనుమానముంటే 30 అడుగులు కొలిచి వంటింటి త్రాసు మీద పెట్టండి.

నాలుగోది నాకు బాగా నచ్చింది. 2000ల మొదట్లో విలియం హన్నెమన్ అనే ఆయన ఒక పద్ధతి చెప్పాడు. రాడ్‌ని అడ్డంగా బిగించి, కొసకి చిన్న సంచి వేలాడదీసి, ఒక్కో సెంటు నాణెం వేస్తూ పోవాలి. రాడ్ పొడవులో మూడోవంతు కొస కిందికి దిగగానే నాణేలు లెక్కపెట్టి పట్టిక చూసుకోవాలి. అంటే తయారీదారు ఏం రాశాడని కాదు, కర్ర ఏం చెప్తోందని అడగడం. (పాత వెదురుతో మెల్లగా చేయండి, మళ్ళీ నన్ననకండి.)

ఈ పద్ధతి చదవగానే మామ గుర్తొచ్చాడు. కొత్త కర్ర కొట్టినప్పుడల్లా కొసని వేలితో నొక్కి, రెండుసార్లు గాలిలో ఝాడించి, అప్పుడు దారం తీసేవాడు. ఆయనకి గ్రెయిన్లు తెలియవు, ఎచ్‌డీఎచ్ తెలియదు. కొలవాల్సింది దేన్నో మాత్రం తెలుసు.

మన ఆఫీసుల్లో మనుషుల పనిని రాసిన కోడ్ లైన్లతోనూ, మూసిన టికెట్లతోనూ కొలుస్తూనే ఉన్నాం. అవి కొలవడం తేలిక కాబట్టి. అందరూ ఒకే రకం పని చేస్తున్నంత కాలం ఆ లెక్క నడుస్తుంది, పని మారిన రోజు తప్పుతుంది. అప్పుడు వంగిపోయేది కర్రే, లెక్క రాసినవాడు కాదు.

వంగిన కొస ముక్కని సన్నటి సెగ మీద చాలావరకు సరిచేశాను. పచ్చి వెదుర్ని మామ నిప్పుల మీద సాపు చేసే పద్ధతే. ఇప్పుడు ఐదో నంబర్ లైన్ కట్టాను. కర్ర హాయిగా వంగి లేస్తోంది.