ఆత్మల సంరక్షణ: మనోవేదనకు క్రైస్తవ ఉపశమన సంప్రదాయం

దుఃఖం, నిరాశ, భయం, అపరాధభావం వంటి మనోవేదనలను ప్రార్థన, వాక్యపఠనం, పాపాల ఒప్పుకోలు, విశ్వాసుల తోడు అనే సాధనాలతో ఉపశమింపజేయడానికి క్రైస్తవ సంఘం తొలినాళ్ల నుంచి చేస్తూ వచ్చిన సేవను ‘ఆత్మల సంరక్షణ’ అంటారు. ఈ బాధ్యత వహించేవారిని ప్రొటెస్టెంట్లు కాపరి లేదా పాస్టర్ అని, కతోలికులు గురువు అని పిలుస్తారు. వేదన పాపఫలమా, వ్యాధా, లేక విశ్వాసికి ఎదురయ్యే శోధనా అన్న ప్రశ్న ఈ సంప్రదాయాన్ని మొదటి నుంచీ వెంటాడింది; ఏ కాలంలో ఏ జవాబు ప్రబలితే ఆదరించే పద్ధతి కూడా దాన్నిబట్టే మారింది.

దీని మూలాలు హీబ్రూ లేఖనాల్లో ఉన్నాయి. కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా విలాపాలే. వాటిలో అధికభాగం ఫిర్యాదుతో మొదలై నమ్మకంలోకి మళ్లుతాయి గాని, 88వ కీర్తన మాత్రం ఏ ఊరటా లేకుండా చీకటి ప్రస్తావనతోనే ముగుస్తుంది. దేవుణ్ణి నిలదీసే ఇటువంటి ప్రార్థనలను ఆరాధన గ్రంథంలోనే నిలుపుకోవడం ఈ మతధారకు ఉన్న విశిష్టత. కొత్త నిబంధనలో యోహాను సువార్త లాజరు సమాధి వద్ద యేసు కన్నీరు విడవడాన్ని చెబుతుంది, పరిశుద్ధాత్మను ఆదరణకర్త అంటుంది. యాకోబు పత్రిక రోగి కోసం సంఘపెద్దలు నూనె రాసి ప్రార్థించాలని, విశ్వాసులు తమ పాపాలను ఒకరితో ఒకరు ఒప్పుకోవాలని నిర్దేశిస్తుంది. తర్వాతి కాలపు ఆచారాలు చాలావరకు ఈ రెండు నిర్దేశాల నుంచి పెరిగినవే.

మనోవేదనను శాస్త్రీయమనదగిన శ్రద్ధతో పరిశీలించినవారు నాలుగో శతాబ్దిలో ఈజిప్టు ఎడారుల్లో నివసించిన సన్యాసులు. వారిలో ఎవాగ్రియస్ (సుమారు 345–399) ముఖ్యుడు. కాన్‌స్టాంటినోపుల్‌లో మతాధికారిగా ఉండగా ఒక వివాహిత పట్ల అనురాగంలో చిక్కుకుని జెరూసలేముకు వెళ్లిపోయిన అతడు అక్కడ వైద్యులకు అంతుపట్టని దీర్ఘజ్వరంతో మంచం పట్టాడని, మెలానియా అనే సన్యాసిని అతని మనసులోని మాట బయటికి చెప్పించాకే కోలుకున్నాడని శిష్యుడు పల్లాడియస్ రాశాడు. మనిషిని పీడించే ఆలోచనలను ఎవాగ్రియస్ ఎనిమిదిగా వర్గీకరించి, కోరుకున్నది దక్కనందువల్ల కలిగే విచారాన్ని ఒకటిగా, చేస్తున్న పని పట్ల, ఉన్న చోటు పట్ల విముఖత పుట్టించే నిర్వేదాన్ని వేరొకటిగా లెక్కించాడు. ‘అకేడియా’ అని పిలిచే ఈ నిర్వేదం మధ్యాహ్నవేళ సన్యాసిని ఆవహించి, పొద్దు కదలడం లేదనిపించేలా చేసి, గది విడిచి పొమ్మని ప్రేరేపిస్తుందని అతడు చేసిన వర్ణన నేటి పాఠకుణ్ణి కూడా ఆశ్చర్యపరిచేంత నిశితమైనది. ఒక్కొక్క ఆలోచనకు ఎదురుచెప్పడానికి వీలుగా సుమారు 500 లేఖన వాక్యాలను ఏర్చికూర్చిన గ్రంథం కూడా అతనిదే. కలవరపెట్టే ఆలోచనను పెద్ద సన్యాసికి దాచకుండా విన్నవించడం ఆ ఎడారి సమాజాల్లో నిత్యసాధనగా ఉండేది.

ఈ బోధను జాన్ కాసియన్ ఐదో శతాబ్ది ఆరంభంలో లాటిన్‌లోకి, నేటి ఫ్రాన్సు ప్రాంతపు మఠాల్లోకి చేర్చాడు. 590లో పోపు అయిన మహా గ్రెగరీ కాపరులకు మార్గదర్శిగా రాసిన గ్రంథంలో ఉల్లాసవంతులకు చెప్పే హితవు, విచారగ్రస్తులకు చెప్పే హితవు ఒక్కటి కారాదని, మనిషి స్వభావాన్ని ఎరిగి మాట్లాడాలని బోధించాడు. అయితే దోషాల పట్టికను సవరిస్తూ నిర్వేదాన్ని విచారంలో కలిపివేసింది కూడా గ్రెగరీయే. ఆ వర్గీకరణ నుంచి రూపొందిన ఏడు ప్రధాన పాపాల జాబితా వల్ల దుఃఖితుణ్ణి దోషిగా చూసే ధోరణికి బలం చేకూరింది. 1215లో నాలుగో లాటరన్ మహాసభ ప్రతి విశ్వాసీ ఏడాదికి ఒకసారైనా పాపసంకీర్తనం, అంటే గురువు ఎదుట ఏకాంతంగా పాపాలు చెప్పుకోవడం, చేయాలని శాసించి, గాయాలపై ద్రాక్షారసం, నూనె పోసే నేర్పరి వైద్యునివలె గురువు మెలగాలని కోరింది.

గ్రంథాలకు, శాసనాలకు వెలుపల, సామాన్యుల మధ్య ఎదిగిన ఉపశమన పద్ధతుల్లో నేటి బెల్జియంలోని గేల్ పట్టణానిది ప్రత్యేక స్థానం. తండ్రి చేతిలో హతమైన ఐరిష్ రాకుమార్తెగా ఐతిహ్యం చెప్పే పునీత డింఫ్నా గుడికి మతిస్థిమితం తప్పినవారిని మొక్కుబడిగా తీసుకువచ్చి తొమ్మిది రోజుల పూజాక్రమం జరిపించేవారు. గుడిని ఆనుకుని కట్టిన వసతి చాలకపోవడంతో పట్టణవాసులు వారిని తమ ఇళ్లలో చేర్చుకున్నారు; క్రమేణా ఆ రోగులు ఇంటిపనుల్లోనూ పొలంపనుల్లోనూ పాలుపంచుకుంటూ ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయేవారు. 19వ శతాబ్ది మధ్యలో నిర్వహణ ప్రభుత్వానికి మారినా పద్ధతి మారలేదు, 1930ల చివరినాటికి ఆ పట్టణపు కుటుంబాల్లో 3,700 మందికి పైగా రోగులు ఉండేవారు. వారిని కోలుకునేలా చేసింది తొమ్మిది రోజుల పూజకన్నా తర్వాతి ఏళ్ల సహజీవనమే అనడం సమంజసం.

మతసంస్కరణ కాలంలో మార్టిన్ లూథర్ స్వయంగా తీవ్రమైన అంతర్వేదనలకు గురైనవాడు. జబ్బుపడిన సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ కోసం 1519లో ఓదార్పు గ్రంథం రాసిన ఆయన, నిరాశలో ఉన్న మిత్రులకు లేఖలు రాస్తూ ఒంటరిగా ఉండవద్దని, నలుగురితో కలిసి తిని తాగి నవ్వాలని, సంగీతాన్ని ఆశ్రయించాలని సలహా ఇచ్చాడు. ఇంగ్లండులో రిచర్డ్ బాక్స్‌టర్ (1615–1691) మితిమీరిన విచారానికి విశ్వాసంతో పాటు ఔషధమూ అవసరమని బోధించి, అటువంటివారిని వైద్యుని వద్దకు పంపాలన్నాడు. విశ్వాసం ఉన్నంత మాత్రాన వేదన తొలగిపోదనడానికి కవి విలియం కూపర్ (1731–1800) జీవితమే నిదర్శనం. 1763లో ఆత్మహత్యకు యత్నించి, భక్తుడైన వైద్యుడు నథానియెల్ కాటన్ ఆశ్రమంలో చికిత్స పొందుతూ క్రీస్తు నందు విశ్వాసాన్ని, స్వస్థతను పొందిన కూపర్, ఓల్నీలో అక్కడి కాపరి జాన్ న్యూటన్ స్నేహంలో ప్రసిద్ధ కీర్తనలు రచించాడు. కాని 1773లో వ్యాధి తిరగబెట్టింది, దేవుడు తనను విసర్జించాడన్న భ్రమ మరణం వరకు ఆయనను వదలలేదు.

1790లో యార్క్ పట్టణపు పిచ్చాసుపత్రిలో ఒక క్వేకరు స్త్రీ చనిపోవడంతో, తేయాకు వర్తకుడైన విలియం ట్యూక్ ఆధ్వర్యంలో క్వేకర్లు 1796లో ‘రిట్రీట్’ అనే ఆశ్రమాన్ని తెరిచారు. ప్రతి మనిషిలోనూ దైవకాంతి ఉంటుందని నమ్మే ఆ శాఖవారు సంకెళ్లు, దెబ్బల స్థానంలో మర్యాద, తోటపని, ప్రశాంత వాతావరణం ప్రవేశపెట్టారు, ఆ నమూనాను అనుసరించి అమెరికాలోనూ ఆసుపత్రులు వెలిశాయి.

20వ శతాబ్దిలో ఆత్మల సంరక్షణ మనశ్శాస్త్రానికి ఎదురుపడింది. 1906లో బోస్టన్‌లోని ఇమ్మాన్యుయేల్ చర్చి కాపరి ఎల్‌వుడ్ వూస్టర్ వైద్యులు ముందుగా పరీక్షించినవారికి ఆధ్యాత్మిక ఉపదేశం ఇచ్చే పద్ధతి ప్రారంభించాడు. 1920లో తానే మానసిక వైద్యశాలలో చేరి కోలుకున్న పాస్టర్ ఆంటన్ బోయిసెన్, 1925లో వూస్టర్ అనే పట్టణంలోని ప్రభుత్వ వైద్యశాలలో వేదాంత విద్యార్థులను రోగుల మధ్య ఉంచి శిక్షణ ఇవ్వసాగాడు; రోగి జీవితం గ్రంథంతో సమానంగా అధ్యయనం చేయదగినదన్నది ఆయన వాదం. ఆగ్నెస్ శాన్‌ఫర్డ్ (1897–1982) ప్రచారం చేసిన ‘అంతరంగ స్వస్థత’ గత గాయాల జ్ఞాపకాలను ప్రార్థనలో క్రీస్తు ముందుంచడంపై ఆధారపడి, కతోలికుల ఆత్మాభిషేక ఉద్యమంలోనూ వ్యాపించింది. దీనికి భిన్నంగా జే ఆడమ్స్ 1970లో వెలువరించిన గ్రంథంలో సలహాసేవకు బైబిలే చాలునని, మనోరోగాలుగా పిలిచేవాటిలో అనేకం పాపసంబంధమైనవని వాదించాడు. శారీరక కారణాలున్న వేదనను ఆయన మినహాయించినా, అనుచరులు కొందరు ఆ గీతను చెరిపివేశారు. వేదనను దోషంగా చూసే గ్రెగరీ కాలపు అయోమయం ఈ విధంగా తిరిగి తలెత్తింది. మనశ్శాస్త్రవేత్త కెన్నెత్ పార్గమెంట్ పరిశోధనలు దేవుణ్ణి తోడుగా భావించి కష్టాన్ని ఎదుర్కొనేవారికి మేలు జరుగుతుండగా, కష్టాన్ని దైవశిక్షగా తలచేవారి స్థితి మరింత దిగజారుతున్నట్టు చూపాయి.

తెలుగు క్రైస్తవుల్లో అంత్యక్రియల తర్వాత బంధుమిత్రులు, సంఘస్థులు మృతుని ఇంట చేరి పాటలు, వాక్యం, ప్రార్థనలతో కుటుంబాన్ని ఓదార్చే ‘ఆదరణ కూటం’ ఈ సంప్రదాయపు సజీవ రూపం. చిత్తూరు సరిహద్దుకు సమీపాన ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల మానసిక వైద్య కేంద్రం 1950ల నుంచి రోగితో పాటు కుటుంబసభ్యుణ్ణి కూడా ఉంచి చికిత్స చేసే పద్ధతిని పాటిస్తోంది.