పేస్‌మేకర్ (హార్ట్ బ్లాక్ చికిత్స)

గుండె పై గదుల్లో పుట్టిన విద్యుత్ సంకేతం కింది గదులకు ఆలస్యంగా చేరడాన్ని, లేదా అసలు చేరకపోవడాన్ని హార్ట్ బ్లాక్ అంటారు. రక్తనాళాల పూడిక వేరు, ఇది వేరు. నాడి మందగించి కళ్లు తిరుగుతాయి, స్పృహ తప్పుతుంది. కోలుకోని పూర్తి బ్లాక్‌కు చికిత్స, గుండెను విద్యుత్ ప్రేరణతో కొట్టించే పేస్‌మేకరే.

చరిత్ర

1952లో బోస్టన్ వైద్యుడు పాల్ జోల్ ఛాతీపై ఎలక్ట్రోడ్లు పెట్టి గుండెను కొట్టించగలిగాడు గానీ ఆ షాకుల నొప్పి భరించరానిది. తర్వాత మినియాపొలిస్‌లో సర్జన్ లిల్లెహై గుండె కండరానికే తీగ కుట్టాడు. ఆ యంత్రం గోడ ప్లగ్గు మీద ఆధారపడేది. 1957లో నగరంలో కరెంటు పోవడంతో ఇంజనీర్ ఎర్ల్ బకెన్ బ్యాటరీ పేస్‌మేకర్ చేశాడు. 1958 అక్టోబర్ 8న స్టాక్‌హోమ్‌లో ఆర్నే లార్సన్ అనే రోగికి తొలిసారి పేస్‌మేకర్‌ను శరీరం లోపల అమర్చారు. ఆ పరికరం కొన్ని గంటలే పనిచేసింది. లార్సన్ మాత్రం పరికరాలు మార్చుకుంటూ 2001 వరకు జీవించాడు. 1970లలో వచ్చిన లిథియం బ్యాటరీ పరికరం ఆయుష్షును ఏళ్లకు పెంచింది.

రకాలు

ఒక గది పేస్‌మేకర్‌కు ఒకటే తీగ, కుడి కింది గదిలో ఉంటుంది. పై గదులు ఎప్పుడూ అదుపు తప్పి కొట్టుకునే రోగికి ఇది చాలు. రెండు గదుల పేస్‌మేకర్ పై గది తర్వాత కింది గది ముడుచుకునే సహజ వరుసను కాపాడుతుంది. అయితే 70 ఏళ్లు దాటిన 2,021 మందిపై బ్రిటన్‌లో జరిగి 2005లో వెలువడిన యూకేపేస్ అధ్యయనంలో ఈ రెండింటి మధ్య మరణాల్లో తేడా కనిపించలేదు.

కుడి కింది గదినే ఏళ్ల తరబడి కొట్టిస్తే కొందరిలో గుండె బలహీనపడుతుంది. పంపింగ్ తగ్గిన బ్లాక్ రోగుల్లో రెండు కింది గదులనూ కలిపి నడిపే పద్ధతి మెరుగని 2013లో బ్లాక్ హెచ్‌ఎఫ్ అధ్యయనం తేల్చింది. గుండె సొంత విద్యుత్ మార్గాన్నే ప్రేరేపించే హిస్ బండిల్ పేసింగ్ 2000లో, ఎడమ బండిల్ పేసింగ్ 2017లో వెలుగులోకి వచ్చాయి.

2016లో అమెరికా అనుమతి పొందిన తీగలేని మైక్రా పేస్‌మేకర్ పెద్ద విటమిన్ గుళికంత ఉంటుంది. తొడ సిర గుండా లోపలికి పంపుతారు. తీగ తెగడం, ఛాతీ చర్మం కింద ఇన్‌ఫెక్షన్ ఉండవు. తొలి నమూనా కింది గదికే పరిమితం. 2023లో రెండు గదుల తీగలేని పరికరానికీ అమెరికా అనుమతి లభించింది.

ఢిల్లీ, తెలుగు రాష్ట్రాలు

దక్షిణ ఢిల్లీలో ఐఐటీ పక్కనున్న కటవారియా సరాయ్ వాసులకు పేస్‌మేకర్ చికిత్స కోసం అందుబాటులోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు ఎయిమ్స్, సఫ్దర్‌జంగ్. ఒక గది, రెండు గదుల పేస్‌మేకర్లు ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీల్లో ఉన్నాయి; ఢిల్లీ 2025లో ఆ పథకంలో చేరింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా పేస్‌మేకర్ అమరికకు వర్తిస్తుంది.